ఏడో సాక్షి

పెదనాన్న ఇల్లు, మేడ మీది గది
మార్చి 4

అత్తా,

క్షేమంగా చేరాను. బస్సులో పక్క సీటావిడ మూడు గంటలు మాట్లాడింది. నేను రెండుసార్లు "అవునండీ" అన్నాను. దిగేటప్పుడు ఆవిడ, "నువ్వు భలే కలుపుగోలు పిల్లవమ్మా" అని మెచ్చుకుంది.

పెదనాన్నకి సన్మానం సంగతి నీకు తెలిసే ఉంటుంది. ఆయన మాత్రం తనకే తెలియనట్టు తిరుగుతున్నారు. బౌద్ధంలోని అనాత్మ సిద్ధాంతాన్నీ, 'నేను'ని దాటిన అనుభవాల్ని పరిశీలించే ట్రాన్స్‌పర్సనల్ సైకాలజీనీ కలిపి ఆయన నలభై ఏళ్ళు చేసిన కృషికి జూన్ ఇరవైన విద్వత్సభ వాళ్ళు సత్కారం చేస్తారట. అభినందన గ్రంథం వేస్తారట. "ఇవన్నీ ఎందుకమ్మా మనకి" అంటూ వాళ్ళ ఉత్తరం తీసి మళ్ళీ చూస్తారు. మడతల దగ్గర కాగితం చిరుగుతోంది. నిన్న "నేను అనేది ఎక్కడా లేదు" అన్న వాక్యం చెప్పి రాయిస్తూ, మధ్యలో ఆగి, బూడిదరంగు కోటు బాగుంటుందా నల్లదా అని అడిగారు. లేని మనిషికి ఏదైతేనేం అనబోయాను. నల్లదన్నాను.

నాకిచ్చిన పని పదసూచిక. గ్రంథంతో పాటు ఆయన పెద్ద పుస్తకం కూడా మళ్ళీ అచ్చవుతోంది. అందులో వచ్చే ప్రతి ముఖ్యమైన మాటకీ ఒక కార్డు. కార్డు మీద పేజీ అంకెలు. కార్డులన్నీ అక్షరక్రమంలో చెప్పుల పెట్టెల్లో ఉంటాయి. ఎవరితోనూ మాట్లాడక్కర్లేదు. ఇంత మంచి ఉద్యోగం ఉంటుందని నాకు తెలియదు.

ఒక్క సందేహం. ఆ పుస్తకంలో నలభై మంది మామూలు మనుషులు ఉన్నారు కదా, 'నేను' అన్న స్పృహ కాసేపు జారిపోయిన అనుభవాన్ని కాగితం మీద రాసిచ్చినవాళ్ళు. పెదనాన్న వాళ్ళని సాక్షులంటారు. పేర్లుండవు, వృత్తి మాత్రమే. గ్రంథానికి పండితులు పంపిన పదకొండు వ్యాసాల్లో తొమ్మిది ఏడో సాక్షి గురించే. ఆవిడ టెలిఫోన్ ఆపరేటరు. ఆవిడ రాసినదంతా ఇంతే:

"దీపాలన్నీ ఒక్కసారే వెలిగాయి. చేతులు పని చేస్తున్నాయి, ఎవరివో తెలియలేదు. మాటలు వస్తున్నాయి, పోతున్నాయి. మధ్యలో ఎవరూ లేరు. హాయిగా ఉంది. ఎవరికి హాయిగా ఉందని అడగొద్దు."

ఆ చివరి వాక్యం మీదే ఒకాయన ముప్పైరెండు పేజీలు రాశారు, అడగొద్దంటే ఏమిటో అడుగుతూ.

నువ్వూ టెలిఫోన్ ఎక్స్ఛేంజీలోనే చేశావు కదా. ఆవిడెవరో నీకు తెలుసా?

నీ మేనకోడలు


గడియారాల దుకాణం పైన
మార్చి 11

చిట్టెలుకా,

ఉత్తరం అందింది. ఎన్నింటికి అందిందో చెప్పలేను, కింద దుకాణంలో ఇరవై గడియారాలు ఇరవై రకాలుగా చెబుతున్నాయి.

మీ పెదనాన్న సంగతి నాకు కొత్తగా చెబుతున్నావా? పదమూడో ఏట ఓ రోజు పొద్దున్నే లేచి "నాకింక ఏ కోరికా లేదు" అని ప్రకటించాడు. మధ్యాహ్నం వాడి వాటా కూడా నేనే తినేశాను. సాయంత్రానికి ఇల్లు పీకి పందిరేశాడు. అప్పటినుంచీ వాడి తత్త్వం మీద నాకు గౌరవం ఉంది గానీ, భోజనం వేళకి మాత్రం నమ్మను.

ఏడో సాక్షి అంటావా. మా ఎక్స్ఛేంజీలో పదహారు మందిమి. వాడిచ్చిన ప్రశ్నల కాగితాలు పట్టుకెళ్ళి పంచింది నేనే, పోగుచేసి తెచ్చిచ్చింది నేనే. ఎవరేం రాశారో నేనెందుకు చూస్తాను? రోజంతా ఊరందరి మాటలూ చెవిలో పడేవి. ఇంకొకరి సంగతి తెలుసుకోవాలన్న సరదా మాకు ఉద్యోగంలో చేరిన వారానికే తీరిపోయేది.

ఇంతకీ నల్లకోటు ఎడమ మోచేతి దగ్గర చిరుగుంటుంది. కుట్టు.

అత్త


మేడ మీది గది
ఏప్రిల్ 2

అత్తా,

మోచెయ్యి కుట్టాను. నీకెలా తెలుసు? ఆ కోటు నువ్వు చూసి తొమ్మిదేళ్ళయిందట.

నీకు కోపం రాదంటే ఒకటి చెబుతాను. వచ్చినా చెప్పాలి.

నిన్న అటక మీంచి పాత పెట్టె దించాను. నలభై మంది రాసిచ్చిన అసలు కాగితాలు అందులో ఉన్నాయి. పెదనాన్న వాటినెప్పుడూ చూడలేదట. కాగితాలన్నీ చేరాక కట్ట విప్పకుండా టైపిస్టుకి పంపి, టైపు చేసినవే చదివారట. "చేతిరాత చూస్తే మనిషి కనిపిస్తాడు, మనిషి కనిపిస్తే పక్షపాతం వస్తుంది" అన్నారు. అది ఆయన పద్ధతట. చాలా గర్వంగా చెప్పారు.

నేను చూశాను. ఏడో కాగితం నీ చేతిరాత అత్తా. నాకు పన్నెండేళ్ళుగా ఉత్తరాలు రాస్తున్న చేతిరాత. ఒత్తులన్నీ కిందికి జారి కింది వరస మీద కాళ్ళు పెట్టేది.

ఆయనకి చెప్పలేదు. కానీ విద్వత్సభ కార్యదర్శి రోజూ ఫోను చేస్తున్నారు. ఏడో సాక్షి బతికుంటే ఎలాగైనా వెతికి వేదిక మీదికి తేవాలట. పెదనాన్న తన ప్రసంగమంతా ఆవిడ మీదే రాస్తున్నారు. "ఎంతటి సంస్కారం ఉంటే గానీ ఆ వాక్యం రాదమ్మా" అని నిన్న కళ్ళద్దాలు తుడుచుకున్నారు.

నువ్వు వస్తావా? వేదిక ఎక్కక్కర్లేదు. నా పక్కన కూర్చో. నాకూ ధైర్యంగా ఉంటుంది.

నీ మేనకోడలు


గడియారాల దుకాణం పైన
ఏప్రిల్ 9

ఎలకా,

అటకలెక్కొద్దని నీకు చిన్నప్పుడే చెప్పాను.

సరే, దొరికిపోయాను. ఇక అసలు విషయం విను. విని అక్కడే పాతిపెట్టు.

అది కల్పించి రాసింది. వాడికి నలభై కావాలి, ముప్పైతొమ్మిదే వచ్చాయి. వారం రోజులు ఇంట్లో మొహం వేలాడేసుకుని తిరిగాడు. ముప్పైతొమ్మిదితో శాస్త్రం నిలబడదట. చూడలేకపోయాను. టీ తాగే పదిహేను నిమిషాల్లో, కప్పు పక్కన పెట్టుకుని, నోటికొచ్చింది రాసి కట్ట మధ్యలో దూర్చాను. ఏడోదెందుకయిందంటే, అక్కడే తాడు వదులుగా ఉంది.

అది అచ్చవుతుందనుకున్నానా? పండితులు దాని మీద కూర్చుని ఇన్నేళ్ళు పొదుగుతారనుకున్నానా? ముప్పైరెండు పేజీలాయన్ని తలుచుకుంటే నవ్వొస్తోంది. తర్వాత భయమేస్తోంది. వాడి పుస్తకం మూడో భాగమంతా ఆ కాగితం మీదే నిలబెట్టాడని నాకూ తెలుసు. ఇప్పుడిది బయటపడితే డెబ్భై ఒకటో ఏట వాడు నలుగురిలో నవ్వులపాలవుతాడు.

కాబట్టి ఏడో సాక్షి దొరకలేదు. ఊరొదిలి వెళ్ళిపోయిందను. సముద్రంలో పడిపోయిందను. నీకు అబద్ధం చెప్పడం రాదని తెలుసు. కాబట్టి ఏమీ అనకు. అది నీకు బాగా వచ్చు.

అత్త


మేడ మీది గది
మే 28

అత్తా,

ఏమీ అనలేదు. అయినా అంతా అయిపోయింది.

నీ ఉత్తరం చదివినప్పటినుంచీ నాకు నిద్ర పట్టలేదు, పని మాత్రం నడిచింది. మా బడిలో సిస్టర్లు, మనసు బరువెక్కితే కాగితం మీద పెట్టి చించెయ్యమనేవారు. నా దగ్గర కార్డులున్నాయి. మూడు కార్డులు రాశాను.

ఏడో సాక్షి – చూడు: అత్త.
అత్త – చూడు: అబద్ధం.
అబద్ధం – చూడు: ఏడో సాక్షి.

రాశాక కాస్త తేలికపడ్డాను. చించబోతుంటే కింద ఫోను మోగింది. కార్యదర్శి. తిరిగొచ్చి, చేతిలో ఉన్న కార్డుల్ని ఏ ఆలోచనా లేకుండా అక్షరక్రమంలో పెట్టెలో పెట్టేశాను. రెండు నెలలుగా చేతులకి అదే అలవాటు. పెట్టెలు మర్నాడు ప్రెస్సుకి వెళ్ళాయి.

ప్రూఫులు మొన్న వచ్చాయి. పెదనాన్న ఏ పుస్తకమైనా సూచిక నుంచే చదువుతారట. మొదటి పేజీ, మొదటి వరసలు: అత్త, అనాత్మ, అబద్ధం. అనాత్మకి రెండొందల పన్నెండు పేజీలు. దానికి చెరో పక్కా మనం.

నన్ను పిలిచారు.

"ఏమ్మా, ఇక్కడ అత్త అంటే ఎవరు?"

"మా అత్తండీ."

"అంటే నా చెల్లెలు."

"అవునండీ."

"అబద్ధం అంటే?"

నేను ప్రూఫు కాగితాల అంచులు సమంగా సర్దాను.

"అబద్ధం అంటే అబద్ధమే, అంతేగా" అని ఆయనే జవాబు చెప్పుకున్నారు.

నీ ఉత్తరం ఇమ్మన్నారు. ఇచ్చాను. అది తప్పో ఒప్పో నాకు తెలియదు. అబద్ధం చెప్పడం రాదన్నావు, నిజమే.

ఆయన అరవలేదు. అరిచినా బాగుండేది. రెండు కోట్లూ బీరువాలో పెట్టేశారు. తన పుస్తకం మూడో భాగం విరిచి పక్కన పెట్టి, మిగిలినదాన్ని చేత్తో తూచి చూశారు. సాయంత్రం విద్వత్సభకి ఉత్తరం రాశారు. ఆధారం నిజం కానప్పుడు సత్కారం తీసుకోలేనని, పుస్తకం మళ్ళీ వెయ్యొద్దని. నాలుగే వాక్యాలు. ఆయన రాసినవాటిలో ఒక్కసారికే నాకు అర్థమయింది అదొక్కటే.

పోస్టు చెయ్యమని నాకిచ్చారు. చెయ్యలేదు. మూడు రోజులుగా నా నిఘంటువులో ఉంది. అడుగుతారేమోనని మెట్ల మీద ఆయన అడుగుల చప్పుడు వినగానే నిఘంటువు మీద మోచేతులు ఆనించి కూర్చుంటున్నాను.

ఏం చెయ్యను?

నీ మేనకోడలు


గడియారాల దుకాణం పైన
జూన్ 2

చిట్టెలుకా,

ఆ ఉత్తరం నిఘంటువులోనే ఉంచు. నీ కార్డుల్లో ఒకటి నిజంగానే సరైనది. అబద్ధం ఉంది. ఎక్కడుందో నువ్వు తప్పుగా చూపించావు, నేను చూపించమన్న చోటే.

ఏప్రిల్లో నీకు రాసిందే అబద్ధం. ఆ కాగితం నిజం.

టీ వేళలో పదిహేను నిమిషాల్లో రాసిన మాట నిజం. తాడు వదులుగా ఉన్న మాటా నిజమే. కానీ జరిగిందే రాశాను. నాకు ఇరవై ఆరేళ్ళు. ఓ మధ్యాహ్నం వంతెన కూలింది. ఊరు ఊరంతా తనవాళ్ళ కోసం ఫోనెత్తింది. బోర్డు మీద దీపాలన్నీ వెలిగాయి. తీగ లాగడం, గుచ్చడం, "మాట్లాడండి" అనడం. ఒక అరగంట నాకు గుర్తుంది. తర్వాత ఎంతసేపో, చెయ్యి ఉంది, గొంతు ఉంది, వాళ్ళ ఏడుపులున్నాయి, నవ్వులున్నాయి. నేను లేను. ఒక్క కాల్ కూడా తప్పు కలవలేదు, అది లెక్కరాసే సూపర్వైజరే చెప్పింది. చివర్లో ఎవరో పెద్దాయన "చల్లగా ఉండు తల్లీ" అన్నాడు. ఆ తల్లిని నేనే కాబోలు అనుకోగానే మళ్ళీ కుర్చీలో ఉన్నాను. నడుం నొప్పి, ఆకలి, అన్నీ వచ్చేశాయి. అది పోయినందుకు ఏడ్చాను. ఈ ఏడుపు సంగతి కాగితంలో రాయలేదు. వాడు చదివి వెక్కిరిస్తాడనుకున్నాను.

నీకెందుకు అబద్ధం చెప్పానంటావా. కల్పించానంటే నవ్వి ఊరుకుంటావు, నన్ను వేదిక ఎక్కించరు అనుకున్నాను. అది కొంత. మిగతాది చెప్పడానికి సిగ్గుగా ఉంది. నాకు అరవై నాలుగు.

ఆ పుస్తకం రాస్తున్న రెండేళ్ళూ వాడు రోజూ భోజనాల దగ్గర ఏడో సాక్షి గురించే మాట్లాడేవాడు. ఓసారి నేను వాడి చొక్కాకి గుండీ కుడుతున్నాను. "అలాంటి మనిషితో ఒక్క గంట మాట్లాడే భాగ్యం దొరికితే చాలు, ఎక్కడుందో" అన్నాడు. నేను దారం పళ్ళతో తెంపి, "ఉంటుందిలే ఎక్కడో" అన్నాను. పదహారు మంది ఆపరేటర్లకి కాగితాలు పంచిన చెల్లెలు ఎదురుగా కూర్చుంటే, "నువ్వేం రాశావే?" అని ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి అడగలేదు. అడుగుతాడని చూశాను. చాలా ఏళ్ళు చూశాను. తర్వాత అడిగితే చెప్పకూడదని పంతం పట్టాను. దానికీ అవకాశం ఇవ్వలేదు.

ఇది వాడికి చూపిస్తావో మానేస్తావో నీ ఇష్టం. చూపించొద్దని మాత్రం రాయడం లేదు, గమనించు.

అత్త


మేడ మీది గది
జూన్ 21

అత్తా,

నేను నిన్న వెయ్యి మందిలో మాట్లాడాను. మూడొందల మందేనట, కార్యదర్శి తర్వాత చెప్పారు. నాకు వెయ్యిలా ఉంది.

మొదటినుంచీ చెబుతాను. నీ ఉత్తరం ఆయన చేతికివ్వలేక టీ కప్పు కింద పెట్టాను. నిలబడి చదివారు. కూర్చుని మళ్ళీ చదివారు. మూడో రోజు, "పోస్టు చెయ్యమన్నది చేశావా?" అన్నారు. లేదన్నాను. "చేసుంటే సిగ్గుపోయేది" అని దాన్ని తీసుకుని చింపేశారు. ఎవరి సిగ్గో అడగలేదు. నా మూడు కార్డులూ ప్రూఫులో ఎర్రసిరాతో కొట్టేశారు. కొట్టేస్తూ, "క్రమం మాత్రం ఎక్కడా తప్పలేదమ్మా" అన్నారు.

ప్రసంగం కూడా పక్కన పెట్టేశారు. కొత్తది రాస్తారేమోనని కాగితాలు సర్దిపెడితే ముట్టుకోలేదు.

నిన్న పొద్దున నల్లకోటు వేసుకున్నారు. విద్వత్సభ కారు వచ్చింది. బస్టాండు దగ్గర డ్రైవరు భుజం తట్టి ఆపించారు. "నువ్వు వెళ్ళమ్మా, నాకు వేరే పనుంది" అని దిగిపోయారు. "పెదనాన్నా, మీ సన్మానం!" అంటే, "చూసిరా, ఎలా చేస్తారో" అన్నారు. కారు వెనక అద్దంలోంచి చూశాను. తప్పు బస్సెక్కి, మళ్ళీ దిగి, సరైనది ఎక్కారు.

సభలో నేనూ, ఆయన కుర్చీ. కార్యదర్శి చెమటలు తుడుచుకుంటూ వేదిక మీద కుర్చీ ఖాళీగానే ఉంచి సభ మొదలుపెట్టారు. కాసేపు గుసగుసలు. తర్వాత ముప్పైరెండు పేజీలాయన లేచి, "చూశారా! నలభై ఏళ్ళు లేదన్న 'నేను'ని ఇవాళ లేకుండానే చూపించారు!" అన్నారు. అంతే, హాలంతా లేచి నిలబడింది. ఖాళీ కుర్చీకి ఐదు నిమిషాలు చప్పట్లు. దానికే శాలువా కప్పారు. సరిగ్గా నిలవక జారిపోతుంటే ఒకాయన కన్నీళ్ళు పెట్టుకున్నారు.

నేను ఊరుకోలేకపోయాను. ఊరుకోవడం నాకు బాగా వచ్చని నువ్వన్నావు, అయినా సరే. మెట్లెక్కి మైకు దగ్గరికి వెళ్ళాను. "అదేం కాదండీ. ఆయన వాళ్ళ చెల్లెలి ఇంటికి వెళ్ళారు" అన్నాను.

చప్పట్లు రెట్టింపయ్యాయి. ముందు వరసలో ఒక ప్రొఫెసరు పక్కాయనతో, "చెల్లెలంటే ఇక్కడ కరుణ అనుకుంటాను" అన్నారు. పక్కాయన నోట్సు రాసుకున్నారు.

నేను దిగొచ్చేశాను.

ఆయన చేరారా? ఏమన్నారు? వెంటనే రాయి.

నీ మేనకోడలు


గడియారాల దుకాణం పైన
జూన్ 23

చిట్టెలుకా,

చేరాడు. కింద గడియారాలాయన్ని దారి అడిగి, ఆయనకి కాలం అనేది ఎందుకు భ్రమో అరగంట చెప్పి, అప్పుడు మెట్లెక్కాడు. ఆ పెద్దమనిషి మర్నాడు దుకాణం తెరవలేదు.

తలుపు తీస్తే, కోటులో చెమటలు కక్కుకుంటూ నిలబడ్డాడు. "ఇవాళ నీ సన్మానం కదరా అన్నయ్యా" అన్నాను. "అవును" అన్నాడు. లోపలికొచ్చి కుర్చీలో కాకుండా నా మంచం చివర కూర్చున్నాడు. మంచినీళ్ళు రెండు గ్లాసులు తాగాడు.

"ఒక్క గంట ఖాళీ ఉంటుందా నీకు?" అని అడిగాడు.

నేను ఉతికిన బట్టలు మడతపెడుతున్నాను. ఉంటుందన్నాను.

"ఆ రోజు ఏం జరిగిందే?"

చెప్పడం మొదలుపెట్టాను. వంతెన, దీపాలు, తీగలు. రెండు మాటలన్నానో లేదో, "అంటే, విజ్ఞాన ప్రవాహంలో ఆ క్షణం..." అంటూ అందుకున్నాడు. నేను చెయ్యెత్తి చూపించాను. నోరు మూసుకున్నాడు. నా జన్మలో అది మొదటిసారి. మళ్ళీ చెప్పాను. కాగితం కోసం జేబు తడిమాడు, నా మొహం చూసి చెయ్యి బయటికి తీసేశాడు.

పెద్దాయన "చల్లగా ఉండు తల్లీ" అనడం దాకా వచ్చి ఆగిపోయాను. ఏడ్చిన సంగతి ఉత్తరంలో రాయడం వేరు, ఎదురుగా చెప్పడం వేరు. దుప్పటి మడత విప్పి మళ్ళీ వేశాను. వాడు తొందరపెట్టలేదు.

అప్పుడు అడిగాడే, చిన్నప్పుడు అమ్మ చేత కథ చెప్పించుకునేటప్పటిలా:

"తర్వాత?"

అత్త